అరుగు కొలిచిన రోజు

మొన్న ఆదివారం, పొద్దున పదకొండు కావడానికి ఇంకా పది నిమిషాలు ఉందనగా, మేడ మీది గది కిరాయికి ఇస్తారా అంటూ ఒక పడుచు జంట మా గేటు ముందు నిలబడింది. వెంట ఆ పిల్లగాని తల్లి, చేతిలో గుడ్డసంచి. యాసను బట్టి కోరుట్ల వైపు వాళ్లని తెలిసిపోయింది. గది చూడకముందే ఆ పిల్లగాడు తల్లిని చూపించి, గొంతు తగ్గించి, "కండీషన్లు ఏమన్న ఉన్నయా అమ్మా? మా అవ్వకు పానం మంచిగుంటలేదు. ముందే చెప్తున్న" అన్నాడు. అడగకముందే చెబుతున్నాడంటే ఇంతకుముందు ఎక్కడో దెబ్బ తిన్నవాడే. నా కోడలు నా వైపు చూసింది. నేను మా అరుగు వైపు చూశాను.

మాది సిరిసిల్ల. మా ఆయన బతుకంతా సాంచెల మీదే గడిచింది. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. పని తగ్గి, ఆ చప్పుడుకు ఆయన చెవులూ తగ్గాక, హైదరాబాదులో కొడుకు దగ్గరికి చేరాం. రెండు గదుల కిరాయి ఇల్లు. సందు ఎంత ఇరుకంటే ఎదురింటివాళ్లు తాలింపు వేస్తే మేం తుమ్మేవాళ్లం. బట్టలు ఆరేయాలంటే వంతు, నీళ్లు పట్టాలంటే వంతు. నేను ఆ ఇంటిని తిట్టని పూట లేదు. ఆయనకు మాత్రం ఆ సందు స్వర్గం. బండ్ల హారన్లు, గ్యాసు సిలిండర్ల మోత, పైఅంతస్తులో పిల్లల గంతులు, అన్నీ కలిసి సాంచెల షెడ్డులో ఉన్నట్టే ఉండేది ఆయనకు. చప్పుడులో నిద్రపోవడం అలవాటైన మనిషిని నిశ్శబ్దంలో పడుకోబెడితే ఉలిక్కిపడి లేస్తాడు.

ఊరి బయటకు పోదామని కొడుకు ఎప్పటినుంచో అంటున్నాడు. వాడికి మంచి గాలి కావాలి. కోడలికి బోరు నీళ్లు, బట్టలారేసే తీగ కావాలి. నాకు బీరపాదు పెట్టుకునేంత మట్టి చాలు. ఆయన ఒక్కడే అడ్డం. "ఆడ ఏమున్నదిరా? కుక్కలు, పాములు. మాట్లాడెటందుకు మనిషి సుత దొరకడు" అనేవాడు. "మాట్లాడితె నీకు ఇనస్తదా?" అని నేనంటే, "ఇనెటందుకు గాదే, చూసెటందుకు" అని తిప్పికొట్టేవాడు.

అట్లాంటి మనిషి ఆయాసంతో మంచం పట్టాడు. దవాఖానకు తీసుకుపోయి, తెచ్చుకున్నాం. ఆ సాయంత్రం ఇంటి ఓనరమ్మ రాగిజావ పట్టుకుని వచ్చింది. మంచిదే ఆమె, లేనిది చెప్పను. గడప బయటే నిలబడి, "ఏమనుకోకండమ్మా. మాకు కింద పూజలుంటాయి. ఏదన్నా అయ్యేటట్టుంటే ముందే మీ ఊరికి తీసుకుపోండి" అంది. నగరంలో ఇది చాలాచోట్ల ఉన్నదే. కిరాయికున్నవాడు పోతే శవాన్ని గేటు లోపలికి రానివ్వరు, ఏడుపులన్నీ సందు మొగదలనే. పిలిస్తే పలకని మా ఆయనకు, ఏం చిత్రమో, ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. జావ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, "సచ్చెటందుకు సుత ఓనర్ను అడగాల్నా?" అన్నాడు. తరువాత కొడుకును పిలిచి, "ఊరవతల ఇల్లన్నవు గదరా. ఎన్నడు పోదాం?" అని అడిగాడు.

అట్లా చూడడానికి వచ్చింది ఈ ఇంటినే. శామీర్‌పేట దాటాక ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బస్సులన్నీ ఈ తొవ్వనే పోతాయి. అరవై దాటాక కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్న నేను, ఎవరినీ అడగకుండా చదివిన మొదటి మాటలు ఆ బస్సుల మీది ఊళ్ల పేర్లే. ఆ రోజు కోడలు నల్లాలు తిప్పి చూసింది. కొడుకు ఫోను పైకెత్తి సిగ్నలు వెతికాడు. అన్నను చూడ్డానికి కోరుట్ల నుంచి వచ్చిన మా ఆడబిడ్డ, బీడీలు చుట్టే మనిషి కాబట్టి, వెలుతురు ఎక్కడ బాగుందో చూసుకుంది. బ్రోకరు మాత్రం ఊపిరి తీసుకోకుండా ఇంటిని పొగుడుతున్నాడు. మా ఆయనేడీ అని చూస్తే అరుగు మీద షాబాదు బండల పైన, దక్షిణానికి తల పెట్టి, కాళ్లు రెండూ కలిపి, చేతులు రొమ్ము మీద పెట్టుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"అయ్యో, పెద్దమనిషి పడిపోయిండు!" అని బ్రోకరు నీళ్లకు ఉరికాడు. "ఓ అన్నా!" అని అరుస్తూ ఆడబిడ్డ రొమ్ము కొట్టుకుంది. ఆయన ఒక కన్ను తెరిచి, "ఒర్రకు. కొలుస్తున్న" అన్నాడు. పడుకునే చెయ్యి చాచి బట్ట కొలిచినట్టు కొలిచాడు. "తల దిక్కు మూరెడు, కాళ్ల దిక్కు మూరెడు మిగిలింది. కూసుండి ఏడ్సెటోళ్లకు సుత జాగున్నది. కొనుర్రి."

ఏడవబోయిన ఆడబిడ్డే ముందు నవ్వింది. "లే, మంది చూస్తున్నరు" అన్నాను నేను. "చూడనీ. ఇగ నన్ను ఈడికెళ్లి లేవుమనెటోడు లేడు" అన్నాడు.

కొన్నాం. ఊర్లో మిగిలిన సాంచెలు దానికే పోయాయి. ఆయన ఇంకో నాలుగేళ్లు బతికాడు, రోజూ మధ్యాహ్నం ఆ అరుగు మీదే నిద్ర, బస్సుల చప్పుడు వింటూ. పోయిననాడు కూడా అక్కడే పడుకోబెట్టాం. ఆయన కొలత తప్పలేదు. అందరం పట్టాం.

మొన్న నా కొడుకు బయటకు వచ్చి, సంగతి విని, నన్ను పక్కకు పిలిచాడు. "ఆలోచిద్దామే అమ్మా. ఆమెకు రేపు ఏమన్న అయితే..." అని నసిగాడు. వీడు ఆ ఓనరమ్మ మాటలు విన్న కొడుకే! ఇల్లు సొంతమైతే మనిషికి నాలుక కూడా మారుతుంది కాబోలు. "అయితే ఏందిరా? మీ బాపుకు కాలేదా?" అన్నాను. వాడు తాళంచెవి కోసం లోపలికి పోయాడు.

ఈలోగా ఆ ముసలామె అలసిపోయి, సంచి తల కింద పెట్టుకుని అరుగు మీద ఒరిగింది. "అత్తమ్మా, లే, మంది ఇల్లు" అని ఆమె కోడలుపిల్ల లేపబోయింది. "పండనీ బిడ్డా. గా బండ చల్లగుంటది" అన్నాను. ఆ పిల్లగాని వైపు తిరిగి, "కండీషన్ ఒక్కటే. నల్లా ఇడిసిపెట్టి పోవద్దు" అన్నాను.

ఆ పొద్దు అక్కడ ఉన్నది ఇంతమందిమి: గేటు పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్న కోరుట్ల పిల్లగాడు, అతని భార్య, తాళంచెవి తెచ్చిన నా కొడుకు, చాయ్ పెట్టబోయిన నా కోడలు, నేను, అరుగు మీద నిద్రపోతున్న ఆ అవ్వ. ఎవరికి ఎంత కాలం మిగిలిందో ఎవరికి తెలుసు, అది అయిపోయేదాకా లేవమనేవాళ్లు లేకుంటే చాలు.