తలుపు మూసి కాల్చిన పాదరసం

ఆ రోజు నేను నా భార్యను నలుగురి ముందు అవమానించి పుట్టింటికి పంపేశాను. చేతులు వణుకుతున్నాయన్నదే ఆమె చేసిన నేరం. ఆ వణుకు నేను తెచ్చిపెట్టిందేనని అప్పటికి నాకు తెలియదు. తెలియదనడం కూడా పూర్తి నిజం కాదు. తెలుసుకోవడానికి కావలసినవన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. నేను చూడలేదు.

మాది కామారెడ్డి. తాతల నాటి నుంచి కంసాలి పని, మా వైపు అవుసుల పని అంటారు. జర్మనీ లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, ఇంకా మొదలుకాని రోజులవి. మాది రెండు అర్రల ఇల్లు. ముందర్రలో కుంపటి, పనిముట్లు. వెనకర్రలో వంటా, పడకా. మా నాన్న, బాపు, పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురం: మేము అవ్వా అని పిలిచే మా అమ్మ, నేను, నా భార్య. ఆమె పుట్టిల్లు ఎల్లారెడ్డి.

కంసాలి ఇంట్లో ఊడ్చిన దుమ్మును బయట పారబోయరు. ఆకురాయి కింద రాలిన రజను, కుంపట్లో బూడిద, చాప దులిపితే వచ్చిన మట్టి, అంతా ఒక కుండలో దాచేవాళ్లం. ఏడాదికోసారి బాపు దాన్ని నీళ్లలో కడిగి, అడుగున మిగిలిన నల్ల ఇసుకలో పాదరసం పోసి పిసికేవాడు. కంటికి ఆనని బంగారాన్ని కూడా పాదరసం తనలో కలుపుకుంటుంది. దాన్ని గుడ్డలో వేసి పిండితే తెల్లటి ముద్ద మిగులుతుంది. ముద్దను నిప్పుల మీద పెడితే పాదరసం పొగై పోతుంది, బంగారం నిలుస్తుంది. ఈ పని చేసినంతసేపూ తలుపులూ కిటికీ మూసి ఉంచేవాళ్లం. గాలి వీస్తే బూడిద లేస్తుంది, బూడిదతో పాటు బంగారమూ లేస్తుంది. కంసాలి ఇంట్లో పుట్టినవాడికి ఇది ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు.

బాపు పోయాక నేను ఈ పనిని పెంచాను. రామారెడ్డి, మద్నూర్, పెద్దకొడప్‌గల్, ఎల్లారెడ్డి, ఎక్కడ కంసాలి ఇల్లుంటే అక్కడికి పోయి వాళ్ల దుమ్ము కొనుక్కొచ్చేవాణ్ణి. బాపు ఏడాదికోసారి చేసిన పనిని నేను వారం వారం చేయించాను. చేయించాననే అనాలి. పిసకడం నా భార్యకు అప్పగించాను. కాల్చడం కూడా వెనకర్రలో వంటపొయ్యి మీదే. వంటయ్యాక నిప్పులు ఊరికే చల్లారిపోవడం ఎందుకని నా లెక్క. ఆమె పొయ్యి ముందు కూర్చునేది. నేను నడిమి తలుపు దగ్గరికి వేసి, ముందర్రలో నా పని చూసుకుంటూ, "పచ్చబడ్డంక పిలువు" అని కేక వేసేవాణ్ణి.

రెండో ఏడాదికి ఆమె మారింది. సూదిలో దారం ఎక్కించలేకపోయేది. చేతి మీద జొన్నరొట్టె కొడుతుంటే అంచులు చిట్లిపోయేవి. నోట్లో ఎప్పుడూ నీళ్లు ఊరేవి, పళ్లు తోముకుంటే చిగుళ్లలో నెత్తురొచ్చేది. అన్నిటికంటే నాకు చిరాకు పుట్టించింది ఆమె పిరికితనం. ఎవరైనా వాకిట్లో నిలబడి పిలిస్తే లోపలికి పారిపోయేది. ఏమైందని అడిగితే కోపం వచ్చేది, కోపం పోతే ఏడుపు. పెళ్లినాడు పాటలు పాడి మా వాళ్లను ఆట పట్టించిన పిల్ల ఈమేనా అనిపించేది. అవ్వ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. నేను ఒళ్లు వంచడం ఇష్టంలేక వేసే వేషాలనుకున్నాను.

అది ఎండాకాలం. ఆ రోజు రామారెడ్డి నుంచి ఒక పటేలమ్మ తన బిడ్డ పెళ్లికి చేయించిన బంగారు గుండ్ల దండ కోసం వచ్చింది. వెంట ఇద్దరు చుట్టాలు ఉన్నారు. దారానికి గుచ్చడమొక్కటే మిగిలింది. గుండ్లున్న పళ్లెం తెమ్మని నా భార్యను పిలిచాను. ఆమె గడప దాటుతూనే అందరూ తననే చూస్తున్నారని గమనించింది. చేతులు వణికాయి. పళ్లెం గలగలలాడింది. గుండ్లు నేలంతా పరుచుకున్నాయి.

"ఏందయ్యా అవుసులాయనా, నీ పెండ్లాం నన్ను చూసి గిట్ల వణుకుతుంది? నేనేమన్న పులినా?" అని పటేలమ్మ నవ్వింది. ఆమె నవ్వులో చెడ్డ ఉద్దేశం లేదు. చుట్టాలూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"పులిని చూసి గాదమ్మా, పనిని చూసి వణుకుతది," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. నేల మీద మోకాళ్లూని గుండ్లు ఏరుతున్న నా భార్యతో, "ఏరింది సాలు. మీ అవ్వగారింటికి పో. చేతులు నిలిచినంక రా," అన్నాను.

మర్నాడు ఎల్లారెడ్డి వైపు పోయే బండిలో ఎక్కించాను. బండి కదిలాక అవ్వ, "దీపావళి దాంక చూద్దాం కొడుకా. గప్పటికి బాగుగాకుంటె ఇంకో పిల్లను చూస్త," అంది. నేను సరే అనలేదు. వద్దని కూడా అనలేదు.

బతుకమ్మ పండుగ వెళ్లిన కొద్దిరోజులకు ఎల్లారెడ్డి పోయాను. ఆమె కోసమని రాస్తే అబద్ధమవుతుంది. అక్కడి కంసాలి దగ్గర దుమ్ము కొనడానికి పోయాను. ఊరి దాకా వచ్చి అత్తగారి గడప తొక్కకపోతే బాగుండదని ముందు అటు నడిచాను.

నా భార్యే చెంబు తెచ్చి కాళ్లకు నీళ్లు పోసింది. ధార నిలకడగా పడింది. నేను తలెత్తి చూశాను. చెంబు కదలడం లేదు. ముఖంలో కళ వచ్చింది. నన్ను చూసి లోపలికి పారిపోలేదు సరికదా, నా కళ్లలోకి సూటిగా చూసింది.

మా అత్త అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆమె నోటికి ఊరంతా జంకుతుంది.

"వచ్చినవా అల్లుడా. నిన్నొకటి అడగాలనుకున్న. నా బిడ్డ మెడల ఏం పెట్టినవు?"

"ఏం పెట్టుడేంది అత్తా?"

"బంగారం పుస్తెలని కట్టినవు. వచ్చిన్నాడు చూస్తె సున్నం పూసినట్టు తెల్లగున్నయి. బతుకమ్మ కాడ అందరు అడుగవట్టిరి, మీ అల్లుడు అవుసులాయనే గద, పెండ్లానికి సీసం పుస్తెలు చేసిండా అని."

నా భార్య నవ్వు దాచుకుంటూ పుస్తెలు ముందుకు తీసి చూపించింది. నేను బొటనవేలితో రుద్దాను. తెలుపు పోలేదు.

బంగారాన్ని అలా తెల్లబరిచేది పాదరసమొక్కటే. కంసాలి పిల్లవాడికి పాదరసం ముట్టనిచ్చే ముందు చెప్పే మొదటి మాట, వేలి ఉంగరం తీసి పక్కన పెట్టమని. బాపు నాకు చెప్పాడు. నేను ఏనాడూ మరచిపోలేదు, పని మొదలుపెట్టే ముందు నా ఉంగరం తీసి గూట్లో పెట్టేవాణ్ణి. ఆమె పుస్తెలు తీయకూడదు. అవి మెడలో ఉండగానే పాదరసం పిసికే పళ్లెం మీదికి వంగింది, ఆ పొగలో కూర్చుంది. తలుపు నేను మూశాను. పొగ బంగారాన్నే ఇంతగా పట్టుకుంటే, దాన్ని పీల్చిన మనిషిలో ఎంత చేరి ఉంటుంది? ఉంగరం పాడవుతుందని నేర్పిన మా పెద్దలు మనిషి సంగతి నేర్పలేదు. నాకూ అడగాలని తోచలేదు.

ఏం చేయాలో తెలియక కంసాలి మాటే మాట్లాడాను. "పుస్తెలు జర నిప్పుల మీద కాలిస్తె మళ్ల పచ్చబడతయి అత్తా."

"నా బిడ్డను గూడ కాలుస్తవా, పచ్చబడనీకి?" అంది మా అత్త, చేతిలో పని ఆపకుండానే.

అప్పుడు చెప్పాను, ఆ వణుకంతా పాదరసం పొగ వల్లే అయిందని. నా భార్య అంతా విని, "ఈడికొచ్చినంక నోట్ల ఇనుము నాకినట్టుండే రుచి పోయింది. నిద్ర పడుతుంది," అంది. మళ్లీ, "చేతులు నిలిచినంక రమ్మంటిరి. నిలిచినయి. గని ఆ అర్రల నేను కూసోను. కూసోవాల్నంటె ఇప్పుడే చెప్పుండ్రి, మీ అవ్వ చూసేదేదో చూసుకుంటది," అంది. అవ్వ అన్న మాట ఎల్లారెడ్డి దాకా ఎలా చేరిందో నేను అడగలేదు. నేనొచ్చి తీసుకుపోతానని మాత్రం చెప్పి, దుమ్ము కొనకుండానే వెనక్కి వచ్చాను.

ఇంట్లో అవ్వ ఒప్పుకోలేదు. "మీ బాపు చెయ్యలేదా? నీ తాత చెయ్యలేదా? వాండ్లకు లేని రోగం దానికేంది?"

"అవ్వా, బాపు చేతులు యాది చేసుకో," అన్నాను.

ఆఖరి రోజుల్లో బాపు గంజి గిన్నె ఒక్కడే ఎత్తలేకపోయేవాడు. పళ్లన్నీ ఊడాయి. ఎవరైనా పలకరిస్తే చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు. ఏడాదికోసారే అయినా బతుకంతా ఆ పొగ పీల్చాడు. మేము ముసలితనమనుకున్నాం. అవ్వ మళ్లీ ఇంకో పిల్ల మాట ఎత్తలేదు.

చాలా ఏళ్ల తర్వాత దవాఖానలో ఒక డాక్టర్ సాబు నాకు విడమరచి చెప్పాడు. పాదరసం మింగడం కంటే దాని ఆవిరి పీల్చడం ఎక్కువ ప్రమాదమట. అది నెత్తురులో కలిసి మెదడుకు చేరుతుందట. వణుకు, చిగుళ్ల వాపు, బిడియం, కోపం, అన్నీ ఒక్క రోగానివేనట. నా భార్య స్వభావమని నేను తిట్టినవన్నీ ఆయన వరుసగా చెబుతుంటే తల దించుకుని విన్నాను.

ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ఆ రోజుల్లోనే పలుగు తీసుకుని వెనకర్ర నేల తవ్వాను. పొయ్యి చుట్టూ మట్టి పగుళ్లలో పాదరసం ఆవగింజల్లా మెరిసింది. ఆమె చాప పరుచుకునే చోట కూడా ఉంది. నోటికి తడిగుడ్డ కట్టుకుని ఆ మట్టంతా ఊరికి, నీళ్లకు దూరంగా మోసి, లోతుగా గొయ్యి తీసి పూడ్చాను. మిగిలిన పాదరసం కొన్న దుకాణంలోనే తిరిగి ఇచ్చేశాను. అది ఇంకో ఇంటికి చేరుతుందన్న ఆలోచన అప్పుడు రాలేదు. అదొక తప్పు నా ఖాతాలో అలాగే ఉంది. కొత్త మట్టి తెచ్చి నేల వేశాను, పొయ్యి కొత్తగా కట్టాను, వెనక గోడకు కిటికీ పెట్టించాను. పక్కింటి కంసాలి గోడ మీంచి చూసి, "ఏందిరా, బంగారం బయటికి పోనీకి తొవ్వ చేస్తున్నవా?" అన్నాడు. "పోనీ అన్నా," అన్నాను.

దీపావళికి ముందే ఎల్లారెడ్డి పోయాను. అరుగు మీద అత్తా, పక్కిళ్ల ఆడవాళ్లూ ఉండగానే, నలుగురిలో అన్న మాట తప్పని నలుగురిలో చెప్పాను. నా భార్య ఇల్లెలా ఉందో అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే మూట సర్దుకుంది. ఆమె చేతులు ముప్పాతిక వంతు బాగయ్యాయి. కుడిచేయి అలసిపోతే ఇప్పటికీ కొంచెం వణుకుతుంది.

ఆ చలికాలం నేను దుమ్ము కొన్న ప్రతి ఇంటికీ మళ్లీ పోయాను. కొనడానికి కాదు; నేను కొనడం మానేస్తే ఆ దుమ్మును వాళ్లే ఇళ్లలో పాదరసంతో కాలుస్తారని. నా భార్యను వణికించింది నేనేనని చెప్పి, ఆ పని మానుకోమని, మానలేకపోతే ఇంట్లో మాత్రం చేయొద్దని చెప్పాను. మగవాళ్లు చాలామంది నవ్వారు. వ్యాపారం నాకొక్కడికే మిగలాలని ఎత్తు వేశానన్నాడు ఒకడు. పెద్దకొడప్‌గల్‌లో ఇంటాయన సంతకు పోయాడు. ఆయన తల్లి, భార్య వాకిట్లో నిలబడి అంతా విన్నారు. కోడలు లోపలున్న కుంపటి చూపించి, దాన్ని బయట ఏ వైపు పెట్టాలని అడిగింది. గాలి ఎటు వీస్తే మనిషి అటు ఉండకూడదని చెప్పాను. పెరటి చివర ఇంటికి దూరంగా చోటు చూసి, ఆ కుంపటిని నేనే మోసుకెళ్లి అక్కడ దించి వచ్చాను.