పళ్లతో వినే మనిషి

మగ్గాల పనికి మనవాళ్లు వలసవెళ్లిన అమ్రోలీలో, మా కింది వాటాలో మగ్గాలు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. పవర్‌లూముల మోతలో ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. ఏ యంత్రం చెడినా స్క్రూడ్రైవర్ కొన దానికి ఆనించి, పిడిని పళ్ల మధ్య కరిచిపట్టి కళ్లు మూసుకునేవాడు. అదే ఆయన వినికిడి.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. ఆయన నిద్రలేని మొహంతో మెట్ల మీద ఊరికే కూర్చునేవాడు. అప్పుడే మా పాత కారు మొరాయించింది. కొత్త బ్యాటరీ వేసినా తెల్లారేసరికి చచ్చిపోయేది. మర్నాడు నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. మెకానిక్కులంతా ఊళ్లకు వెళ్లిపోయారు.

కారును తోసి స్టార్ట్ చేశాం. ఆయన స్క్రూడ్రైవర్‌ను ఆల్టర్నేటర్‌కు ఆనించి కాసేపు విన్నాడు.

"బ్యాటరీ మంచిగనే ఉన్నది. దాన్ని ఛార్జ్ చేసేదే ఖరాబైంది. లోపల ఒకటే గీసుకుంటుంది" అని అలవాటుగా అరిచాడు.

తెలిసినవాళ్ల పాత సామాన్ల షెడ్డులో ఇంకో ఆల్టర్నేటర్ దొరికింది. బ్యాటరీ తీగ విప్పి, బెల్టు సడలించి, మాస్కు గడ్డం కిందికి జారిపోతుంటే ఆయాసపడుతూ దాన్ని బిగించాడు. ఇంజిన్ నడిచింది. స్టీరింగ్ ముందు వెలిగే బ్యాటరీ గుర్తు ఎర్ర దీపం ఆరిపోయింది. నేను ఇంజిన్ ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టి, మళ్లీ స్క్రూడ్రైవర్ పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"ఇంకేమన్నా చెడిందా కాకా?" చేత్తో సైగ చేస్తూ గట్టిగా అడిగాను.

పిడి నోట్లోంచి తీశాడు.

"ఏం లేదు బిడ్డా. మగ్గాలు బందైనప్పటి సంది ఏ సప్పుడూ వినలే. జరసేపు నడవనియ్యి."