మూలలంటే పడని మా మేనత్త

మా మేనత్తకు పామన్నా భయం లేదు, పై అధికారన్నా భయం లేదు. పదునైన మూల కనిపిస్తే మాత్రం కంట్లో నలుసు పడ్డట్టే గిలగిల్లాడిపోతుంది. చేతిసంచిలో దువ్వెన ఉండదు గానీ ఆకురాయి ఉంటుంది. చుట్టాలింటికి వెళ్తే పలకరింపులు పూర్తయ్యేలోపే వాళ్ల బల్ల మూలలు అరగదీసేస్తుంది.

"అత్తా, అది వాళ్ల బల్ల!"

"మోకాలు నాదేగా!"

ఇద్దరం ఒకే కంపెనీలో అల్యూమినియం కడ్డీల ఆకారాలు గీసేవాళ్లం. ఒకసారి అంబులెన్సు స్ట్రెచర్ చట్రానికి కడ్డీ కావాల్సి వచ్చింది. వీలైనంత తేలికగా ఉండాలని అడిగితే కంప్యూటర్ ఈకలాంటి ఆకారం ఇచ్చింది. మేనేజరుగారు గాల్లో తేలిపోయారు. అత్త తెరకేసి చూసి కళ్లు మూసుకుంది.

"అమ్మో, ఎన్ని మూలలో!"

"మళ్లీ మొదలెట్టారా మేడం?"

"కడ్డీ గోడ ఇంత పల్చనైతే, కాచిన లోహాన్ని అచ్చులోంచి తోసేటప్పుడే వంకరపోతుంది సార్. పోనీ తిన్నగా వచ్చిందే అనుకోండి, గతుకుల్లో ఊగీ ఊగీ ఈ లోపలి మూల దగ్గర చీలుతుంది. లోహమూ మనలాగే అలిసిపోతుంది. కాకపోతే సెలవడగదు."

"ఆ సంగతి కంప్యూటర్‌కి తెలీదా?"

"మనం చెబితేగా!"

చెప్పింది. అచ్చు ఎంత పల్చదనాన్ని ఓర్చుకుంటుందో, లోహం ఎంత ఊపును తట్టుకుంటుందో లెక్కల్లోకి ఎక్కించి మళ్లీ అడిగింది. ఈసారి కడ్డీ కాస్త బరువెక్కింది, మూలలు గుండ్రమయ్యాయి.

రెండు కడ్డీలనూ ఊపే యంత్రానికి బిగించాం. ఆఫీసంతా చుట్టూ మూగింది. టకటకటక... మొదటిది లోపలి మూల దగ్గర టప్పున విరిగింది! రెండోది ఊగుతూనే ఉంది. భోజనాల వేళ దాటినా ఒక్కరూ కదల్లేదు. అది పరీక్షలో నెగ్గేసరికి అందరికన్నా ముందు ఈల వేసింది మేనేజరుగారే!

అంతలోనే ఆయనకో అనుమానం. "లోపలి మూలలు సరే. బయటివి కూడా ఎందుకు నున్నగా చేశారు? అక్కడ చీలే భయం లేదుగా?"

"పని సులువవుతుంది సార్," అంది అత్త ముక్తసరిగా.

ఆ మాట భావం నాకు ప్యాకింగ్ గదిలో బోధపడింది. కడ్డీలు మోసే ఆవిడ అరచేతులు చాపి చూపించింది. అన్నీ పాత గాట్లే, కొత్తది ఒక్కటీ లేదు.

"మీ అత్తగారు ఓ రోజంతా మాతో కలిసి కడ్డీలు మోశారమ్మా. ఆవిడ చెయ్యీ తెగింది. అప్పట్నించీ ఏ కడ్డీ గీసినా బయటి అంచు నున్నగానే గీస్తున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

పరుగున వచ్చి నిలదీశాను. "అత్తా, సార్‌తో అబద్ధమెందుకు చెప్పావు?"

"అబద్ధమేంటే? పని సులువవుతుందన్నాను. ఎవరికి అని ఆయన అడిగారా?"