మా టీచరమ్మ, మా దెయ్యాల పాటలు

మా సండేస్కూల్ టీచరమ్మ పోయారు. బుధవారం పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తి ఉండగా, ఒంగోలు ఆసుపత్రి నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, "అక్క ఇక లేదు నాన్నా" అన్నారు. ఎత్తిన షట్టర్ మళ్ళీ దించేశాను. ముందు రోజు సాయంత్రమే టీచరమ్మ నన్ను ఒక కోరిక కోరారు. చిన్న కోరిక. అది తీర్చకుండా ఇంటికి వచ్చేశాను. ఆ సంగతి దాచిపెట్టి ఆవిడ మంచితనం గురించి రాస్తే నా ముఖం నేనే చూసుకోలేను.

మాది పత్తీ మిరపా పండే ఊరు. ఆదివారం చర్చి వెనక గదిలో పాతికమంది పిల్లలం చాప మీద కూర్చుంటే, ఆవిడ నరకం గురించి చెప్పేవారు. గొంతు పెంచేవారు కాదు. మెల్లగా, పక్కింటి కబురు చెప్పినట్టు చెప్పేవారు. "అక్కడ పురుగులుంటాయి. మన పత్తికాయలో దూరే పురుగే అనుకోండి. కానీ ఏ మందు కొట్టినా చావదు." సరిగ్గా అక్కడ ఆపి, కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో తుడుచుకునేవారు. ఆ తుడవడం ఎంతకీ అయ్యేది కాదు. మేము ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని కూర్చునేవాళ్ళం. పై ఆదివారం అందరికంటే ముందు వెళ్ళి చాప పరిచేది మాత్రం నేనే.

ఇరవై ఏళ్ళు దాటాక, మొబైల్ రిపేరు షాపులో ఖాళీగా కూర్చున్న ఒక మధ్యాహ్నం, హారర్ హార్డ్‌కోర్ పంక్ అనే సంగీతం నా చెవిన పడింది. పాడేవాళ్ళు పుర్రెల్లా ముఖాలకి రంగులు పూసుకుంటారు. సమాధులు, శవాలు, రక్తం తాగేవాళ్ళు, పాటలన్నీ వీటి గురించే. గిటారు రంపంలా కోస్తుంది, డ్రమ్ములు ఊపిరి తీసుకోనివ్వవు, ఒకటిన్నర నిమిషంలో పాట అయిపోతుంది. పాడేవాడు ఒక మాట అరిస్తే, స్టేజి కింద నిలబడ్డవాళ్ళంతా కలిసి జవాబు అరుస్తారు. విన్నవాళ్ళు చెవులు మూసుకునే గోల అది. నాకు మాత్రం చర్చి వెనక గది గుర్తొచ్చింది.

చీరాలలో నాలాంటి పిచ్చివాళ్ళు ముగ్గురు దొరికారు. మా ఊరి చివర, పొగాకు ఆకు కాల్చడం మానేశాక ఖాళీగా పడున్న బ్యారన్ కొట్టంలో ప్రాక్టీసు మొదలుపెట్టాం. ముఖానికి తెల్ల పౌడరు, కళ్ళ చుట్టూ కాటుక. ఎవరో వీడియో తీసి మా అయ్యగారికి చూపించారు. పాస్టరుగా ఆయన మాత్రం ఏం చేస్తారు? "బాబూ, ఇక చర్చి క్వైర్‌లో గిటారు నువ్వు వాయించొద్దు" అన్నారు. ఆ సాయంత్రమే టీచరమ్మ షాపుకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏదిరా ఆ వీడియో? నాకూ చూపించు."

ఫోన్ ఇచ్చాను. మొత్తం చూశారు. మళ్ళీ మొదటినుంచి చూశారు.

"ఒరేయ్, ఈ పాటలో పురుగులు నావి గదరా!"

"అవును టీచర్. మీవే."

"మరి అరుస్తావేంట్రా? మెల్లగా చెప్తేనే భయమేసుద్ది."

మర్నాడు అయ్యగారి దగ్గరికి వెళ్ళి, "వాడికి నేర్పింది నేనండీ, తీసేస్తే ముందు నన్ను తీసెయ్యండి" అన్నారట. ఆదివారం నా గిటారు నా చేతికి వచ్చింది. అయ్యగారు నా వంక చూడలేదు, అంతే.

తర్వాత ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం ఒంగోలులో డయాలసిస్. పెళ్ళి చేసుకోని మనిషి. చెల్లెలికి వాళ్ళింటి సంసారం ఉంది. అందుకని నేను షాపు మూసి తీసుకెళ్ళేవాణ్ణి. సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా నాలుగు గంటలు పడుకోవాలి. మొదటి రోజు ట్యూబుల్లో తిరుగుతున్న తన రక్తాన్ని చూసి, "మనిషి రక్తం బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలేస్తన్నారు. మీ పాటల్లో ఇంత ఘోరం ఎక్కడుందిరా? పెట్టు, విందాం" అన్నారు. ఇయర్‌ఫోన్ ఒకటి ఆవిడ చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకుని వినేవాళ్ళం. పాటలు చిన్నవిగా ఉండటం ఆవిడకి బాగా నచ్చింది. "భయం కూడా ఇంతసేపే ఉండాలిరా. ఒకటిన్నర నిమిషం. ఆ తర్వాత లేచి పని చూసుకోవాలి" అనేవారు.

మా పాటల్లో ఒకటుంది. చచ్చిపోయినవాళ్ళు తలుపు కొడతారు. నేను "ఎవరక్కడ?" అని అరుస్తాను. జనం "మేమే!" అని అరవాలి. మా ఊళ్ళో జనం ఎక్కడ? మాకున్న జనమల్లా టీచరమ్మే. ఆ పాట వచ్చినప్పుడల్లా సూదుల్లేని చేతి వేళ్ళతో మంచం పట్టీ మీద కొడుతూ, సన్నగా "మేమే" అనేవారు. ఒకసారి నర్సమ్మ వచ్చి, "ఎవర్ని పిలుస్తున్నారమ్మా?" అంటే, "దెయ్యాల్నమ్మా, నీకేమన్నా పనుందా వాటితో?" అన్నారు. నర్సమ్మ ఆ తర్వాత రెండుసార్లు మా మంచం వైపు రాలేదు.

ఒక శుక్రవారం ఉన్నట్టుండి, "నిన్ను చిన్నప్పుడు శానా భయపెట్టాను గదరా" అన్నారు. లేదని అబద్ధం చెప్పబోయాను. వినలేదు.

"నాకే భయంరా. చావంటే చిన్నప్పట్నుంచీ భయం. మీకు చెప్తంటే నాకు తగ్గేది, మీకెక్కేది. నా బరువు తీసుకెళ్ళి పసిపిల్లల నెత్తిన పెట్టాను." జారిన ఇయర్‌ఫోన్ చెవిలోకి నొక్కుకున్నారు. "మీ పాటల్లో అట్లా కాదు. వినేవాడూ అరుస్తాడు. అందుకని ఇద్దరికీ తగ్గుద్ది."

ఈ సంగీతంలో ఏముందని నన్ను చాలామంది అడిగారు. ఇంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకే ఒక్కసారి బ్యారన్‌కి వచ్చారు. కుర్చీ వేసి కూర్చోబెడితే, మా డ్రమ్మర్ ముఖం చూసి, "కాటుక కారిపోయింది, తుడుచుకో నాన్నా" అన్నారు. "ఎవరక్కడ?" అని నేను అరవగానే కుర్చీలోంచి లేచి "మేమే!" అని అరిచారు. ఆ గొంతు అంత పెద్దదని ఆవిడకే తెలియదు. నవ్వుతూ కూర్చుని, తర్వాత ఏడ్చారు. "అరవై రెండేళ్ళకి మొదటిసారి అరిచాన్రా" అన్నారు. మేము నలుగురం ఆ పుర్రె ముఖాలతోనే ఆవిడ కుర్చీ చుట్టూ చేరి నిలబడ్డాం.

మొన్న మంగళవారం ఇన్‌ఫెక్షన్ అని ఐసీయూలో పెట్టారు. సాయంత్రం పది నిమిషాలు చూడనిచ్చారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నన్ను కిందికి వంగమని సైగ చేశారు.

"భయంగా ఉందిరా. ఒక్కసారి అడుగు. గట్టిగా."

ఏమి అడగమన్నారో నాకు తెలుసు. చుట్టూ చూశాను. డాక్టరు ఉన్నాడు, నర్సులు ఉన్నారు, పక్క మంచాల మీద మనుషులు ఉన్నారు. నాకు సిగ్గేసింది. కనీసం మెల్లగా చెవిలో అడగొచ్చన్న ఆలోచన కూడా రాలేదు. "రేపు వార్డులోకి మారుస్తారట టీచర్, అక్కడ అడుగుతా" అన్నాను.

"సరేలే" అన్నారు. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదే.

మర్నాడు మధ్యాహ్నం సమాధుల తోటలో పెట్టె దించే ముందు అయ్యగారు, "ఎవరైనా రెండు మాటలు చెప్పేవాళ్ళుంటే చెప్పండి" అన్నారు. చీరాల కుర్రాళ్ళు ఇంకా బస్సులోనే ఉన్నారు. నేను ముందుకి వెళ్ళాను. ఐసీయూలో అడగనిది ఇప్పుడైనా అడగాలి, దానికి జవాబు తప్ప నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. నోరు తెరిచి, గొంతు చీలిపోయేలా అరిచాను.

"ఎవరక్కడ?"

జనం ఉలిక్కిపడి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అయ్యగారు నన్ను ఆపలేదు. తల వంచుకుని నిలబడ్డారు. నేను ఎదురుచూశాను. మా ఊళ్ళో ఆ జవాబు తెలిసిన ఒక్క మనిషీ పెట్టెలో ఉంది.

గోడ అవతల కల్లంలో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు అరుపు విని లేచి, గోడ దగ్గరికి వచ్చారు. ఘాటుకి ముక్కూ మూతీ గుడ్డతో కట్టుకుని ఉన్నారు. పదిమంది దాకా వరసగా నిలబడి, కళ్ళు మాత్రమే కనిపిస్తూ, పిలిస్తే వచ్చినవాళ్ళలా నా వంకే చూస్తూ ఉన్నారు.