ఫ్లైఓవర్ మీద మూడో దీపస్తంభం

ఏడాదిపాటు రోజూ ఉదయం బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కబోయి, మూడో దీపస్తంభం దగ్గర తొడలు మండి సైకిల్ దిగిపోయేవాణ్ణి. దిగిన చోటు, పట్టిన సెకన్లు డైరీలో రాసేవాణ్ణి. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉందన్నాడు డాక్టరు. మరి అదంతా ఎక్కడికి పోతోంది?

ఆ విసుగంతా ఒకరోజు గుడివాడ బస్సులో పక్కసీటాయన ముందు వెళ్లగక్కాను. ఆయన ఒకప్పుడు రిక్షా తొక్కాడట.

"కిందనుంచే గట్టిగా తొక్కుతారాండీ?"

"లేకపోతే టైము తగ్గేదెలా?"

ఆయన నా మోకాలు తట్టి నవ్వాడు. "పీల్చిన గాలి కాళ్లదాకా చేరొద్దాండీ? ఈలోగానే ఉరికిస్తే మండవూ? మేం ఎత్తెక్కేటప్పుడు బండిలో వాళ్లతో కబుర్లాడుతూ తొక్కేవాళ్లం. మాట తెగితే జోరు తగ్గించేవాళ్లం. మీకు మాట్లాడ్డానికి ఎవరూ లేరా?"

"డైరీ ఉంది."

"అది ఎగదోస్తుందిగానీ ఆపదుగా, మాస్టారూ!"

మర్నాడు పదమూడో ఎక్కం పైకి చదువుతూ తొక్కాను. రెండుసార్లు మాట తెగింది. రెండుసార్లూ జోరు తగ్గించాను. మూడో స్తంభం దగ్గర గడియారం చూస్తే, ఏడాది మొత్తంలో అంత ఆలస్యం ఎప్పుడూ కాలేదు. చిరాకేసింది. అయినా తొక్కుతూనే పైకి చేరాను.

డైరీలో 'దిగిన చోటు' గడి మొదటిసారి ఖాళీగా ఉండిపోయింది. ఆ మాట చెబుదామంటే, అన్నీ రాసుకునే నేను ఆయన పేరు అడగనే లేదు.