గాజు తట్టనివ్వని మేడమ్

మొన్న పొద్దున ల్యాబ్ గ్రూపులో వార్త చూశాను. నా పీహెచ్‌డీ గైడు మేడమ్ నిద్రలోనే పోయారు. ఫోను పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కట్టేయాలని తోచలేదు.

పంజాగుట్టలో మా ల్యాబ్ నిండా వేలెడైనా లేని చారల చేపలు ఉండేవి. భయం మనసులో తిష్ట వేస్తే ఏమవుతుందో వాటిలో చూసేవాళ్లం. చేపను కొత్త తొట్టిలో వేస్తే కాసేపు అడుగునే ఉండి, మెల్లగా పైకొస్తుంది. గట్టిగా బెదిరిన చేప ఎంతకీ రాదు. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ అప్పుడొక తప్పు చేసేవారు. పైకొస్తుందేమోనని గాజు తట్టేవారు. మేడమ్ అంతెత్తున లేచేవారు. "ఏంటమ్మా అది? దాని భయం చాలక నీ తొందర కూడానా?" ఇక ఆ చేపను ఆ రోజుకు వదిలేయాల్సిందే.

ఆవిడది కోస్తా. చేపల పులుసంటే ప్రాణం. మేం ఆటపట్టిస్తే, "పులుసులో పడ్డదానికి భయాలేం మిగల్లేదులే, తినండి" అనేవారు.

నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లోనే, పంజాగుట్ట చౌరస్తాలో జరిగిన యాక్సిడెంట్‌లో నాన్న అమ్మ కళ్లముందే పోయాడు. అమ్మకు తగిలిన దెబ్బలు మానాయి. కానీ అమీర్‌పేటలోని మా ఇంటి గడప దాటడం మానేసింది. హారన్ వినిపిస్తే వణికిపోయేది. చుట్టాలు వచ్చి "ధైర్యం జెయ్యాలె, ఇంకెన్ని దినాలు గిట్ల?" అని చెప్పి పోయేవారు. మేడమ్ ఒక ఆదివారం వచ్చారు. నన్ను పక్కకు పిలిచి మంచి డాక్టరు పేరు చెప్పారు. అమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు. పక్కన కూర్చుని చింతచిగురు ఏరి వెళ్లారు. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చారు. అలా వస్తూనే ఉన్నారు. చాలా నెలలకు అమ్మ వాకిట్లోకి వచ్చింది, తర్వాత డాక్టరు దగ్గరికి, గల్లీ చివర కూరగాయల బండి దాకా. చౌరస్తా వైపు మాత్రం పోలేదు.

మా అమ్మను మాకు తిరిగిచ్చిన మనిషి ఆవిడ. అది తలుచుకుంటే ఏడుపు ఆగడం లేదు.

మేడమ్ ఇల్లు శ్రీనగర్ కాలనీలో. ఆటో ఆ చౌరస్తా మీదుగానే పోతుంది. నేనొక్కదాన్నే వెళ్లొస్తానన్నాను. అమ్మ అప్పటికే చెప్పులేసుకుంది.

"మనింటికి అన్నిసార్లొచ్చింది. నేనొక్కపారి సుత పోకుంటె ఎట్ల బిడ్డా?"

సిగ్నల్ దగ్గర గోళ్లు దిగేలా నా చెయ్యి పట్టుకుంది. కళ్లు మాత్రం మూసుకోలేదు.

మేడమ్ ఇంట్లో, హాల్లో, అమ్మ ఆవిడ తల దగ్గర కూర్చుంది. ఇక తీసుకెళ్లాలి, లేవండమ్మా అన్నారెవరో. అమ్మ కదల్లేదు.

"జరసేపు కూసోనియ్యిండ్రి అన్నా. నేనేం మాట్లాడ."