బస్సెక్కే ముసలమ్మకు నేను చేసిన అపచారం

ఈ వ్యవహారంలో తెలివితక్కువ పని చేసింది నేనే. తెలియని విషయం మీద, తెలిసినవాళ్ళను అడగకుండా, పేజీ నిండుగా కనబడుతుందని ఒక వాక్యం రాశాను. ముప్ఫై ఏళ్ళుగా అలాంటివి రాస్తూనే ఉన్నాను. నా రాతలు ఎవరూ చదవకపోవడం నా తలరాత కాబట్టి అప్పటిదాకా ఎవరికీ ఏ హానీ జరగలేదు.

రిటైరయ్యే ముందు ఏడాది, వేసవి మొదట్లో, సర్జాపుర రోడ్డులోని ఒక చిన్న గేముల కంపెనీలో టెక్నికల్ రైటరుగా చేరాను. సాఫ్ట్‌వేరును ఎలా వాడాలో చెప్పే మాన్యువల్ రాయడం ఈ ఉద్యోగం. హోదా ప్రిన్సిపల్. నా కింద ఉన్నది కుర్చీ ఒక్కటే.

అప్పగించిన పని స్ప్రైట్ ఎడిటర్ మాన్యువల్. గేములో నడిచే, దూకే చిన్న బొమ్మను స్ప్రైట్ అంటారు. దాని కదలికను విడివిడి బొమ్మలుగా గీసి వరసగా పేరుస్తారు. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. చకచకా తిప్పితే బొమ్మ కదులుతుంది. ఈ ఎడిటర్‌ను వాడేది మాత్రం మనుషులు కాదు, ఏఐ ఏజెంట్లు. ఏజెంటంటే అప్పటివరకూ నాకు తెలిసినవాడు బీమా పాలసీ అంటగట్టేవాడే. ఇది మాన్యువల్ చదువుకుని తనంతట తాను పని చేసుకుపోయే ప్రోగ్రామని మేనేజరు కిరణ్ వివరించాడు. మాన్యువళ్ళు మనుషులెవరూ చదవరు కాబట్టి మర్యాదలన్నీ తీసేసి రాయమన్నాడు.

ఎడిటర్‌లోని ఒక్కో ఆదేశం ఏం చేస్తుందో, దానికి ఏం ఇవ్వాలో రాసుకుంటూ పోయాను. చివర 'మంచి అలవాట్లు' అనే భాగం పెట్టడం మా వృత్తిలో ఆచారం, పెళ్ళి భోజనం తర్వాత కిళ్ళీలాగా. కనీసం నాలుగు అలవాట్లు ఉంటేగానీ బాగుండదు. నాకు మూడే దొరికాయి. నాలుగోదిగా, ఒకేలా ఉన్న ఫ్రేములు వరసగా వస్తే ఒకటి ఉంచి మిగతావి తీసేయాలని రాశాను. నిజానికది ఫోనులో ఫొటోల గురించి మా ఆవిడ నాకిచ్చే సలహా.

రెండు వారాల తర్వాత ఒక బుధవారం మునిలక్ష్మి నా బల్ల దగ్గరికొచ్చింది. ఆమె అక్కడ యానిమేటరు, సొంతూరు ఆ దగ్గర్లోని వర్తూరు. ఆఫీసులో అందరూ నన్ను సార్ అంటే, ఆమె తన ఊరి అలవాటుగా అప్పా అనేది. కొత్త గేములో సిటీ బస్సెక్కే ముసలమ్మ బొమ్మలన్నీ ఆమె చేత్తో గీసినవే. మెట్టు మీద కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని ఎక్కుతుంది ముసలమ్మ.

"చూడప్పా, నా ముసలమ్మ కండక్టరు మాదిరి ఎగిరి ఎక్కతా ఉండాది. మెట్టు మింద నిలిచేదానికే పదకొండు ఫ్రేములు పెట్టింటిని. ఎవురు తీసినారు?"

శుక్రవారం కస్టమరుకు చూపించాలి. ఆ ఉదయం కిరణ్ ఈ దూకుడు చూసి, ఆమె చేతిలో పనితనం తగ్గిందని తేల్చేశాడట. శుక్రవారానికీ ఇలాగే ఉంటే కాంట్రాక్టు పొడిగించనన్నాడట.

ఇద్దరం ఏజెంటు లాగ్ తెరిచాం. తాను చేసిన ప్రతి పనినీ అది రాసిపెట్టుకునే చిట్టా అది. కిరణ్ ఫైళ్ళు సర్దమన్నాడు, అది సర్దింది: "మంచి అలవాట్లు, నాలుగో అంశం ప్రకారం ముప్ఫై నాలుగు ఫ్రేములు తీసివేయడమైనది." ముప్ఫై ఏళ్ళలో నా వాక్యాన్ని ఉదహరించిన మొదటి పాఠకుడు. ఒక్క క్షణం గర్వపడ్డాను. సరిగ్గా ఆ క్షణంలోనే మునిలక్ష్మి నా మొహం చూసింది.

"నువ్వా అప్పా? ఆ పక్క బల్లలోనే కూర్చోనుండాను కదా. ఒక మాట అడగకూడదా?"

బొమ్మ కదలకుండా నిలవాలంటే అదే ఫ్రేమును మళ్ళీమళ్ళీ పెట్టాలి. నేను చెత్త అనుకున్నది ఆమె నటన. బొమ్మలు పోలేదు గానీ, ఏ బొమ్మ ఎన్నిసార్లన్నది పోయింది. పాత ప్రతి దాచే ఏర్పాటు ఆ ఎడిటర్‌లో ఇంకా పెట్టలేదు.

లాగ్ పట్టుకుని కిరణ్ దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. తప్పు ఎవరిదైనా తాను చూసేది శుక్రవారం తెర మీద కనబడేదేనన్నాడు.

మిగిలింది ఒక్క రోజు. మునిలక్ష్మి నన్ను ఆఫీసు మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి ఎక్కమంది. ఎందుకన్నాను. "నీ మోకాళ్ళు చాలు. యాక్టింగేమీ వద్దు" అంది. నేను ఎక్కుతుంటే, ఆగుతుంటే, కమ్మీ పట్టుకుని నిట్టూరుస్తుంటే, ఆమె ఫోనులో వీడియో తీసి నా ఒక్కో ఆయాసానికీ ఎన్ని ఫ్రేములో లెక్క వేసింది. మాన్యువల్‌తో చెడగొట్టినది మోకాళ్ళతో బాగుచేశాను.

శుక్రవారం కస్టమరు ముసలమ్మను మూడుసార్లు తిప్పించి చూశాడు. మునిలక్ష్మి కాంట్రాక్టు నిలబడింది. మా ఏజెంటే ఇంత నైపుణ్యంగా సర్దిందని కిరణ్ అతనికి చెప్పాడు. మునిలక్ష్మి పేరెత్తలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పినది కొంచెమే. చదవనివాళ్ళ కోసం రాసేటప్పుడు గొప్పలు చెల్లుతాయి. రాసిన ప్రతి మాటా చేసిపెట్టేవాడికి రాసేటప్పుడు, తెలియని చోట ఖాళీ వదలాలి, లేదా లేచి వెళ్ళి అడగాలి.

వెళ్ళిపోయే ముందు నాలుగో అంశం తిరగరాశాను. ఒకేలా ఉన్న ఫ్రేమును తీసే ముందు గీసినవారి అనుమతి అడగాలి, జవాబు వచ్చేవరకూ ఆగాలి, మేనేజరు అనుమతి చాలదు. పద్ధతి ప్రకారం ఆమోదానికి కిరణ్‌కే పంపాను. 'చదివి ఆమోదించాను' అని నిమిషంలో తిరిగొచ్చింది.

రిటైరయ్యాక మునిలక్ష్మి ఫోను చేసింది. ఆమె గీసిన ఏదో బొమ్మ ఆగే నిడివి తగ్గించమని కిరణ్ ఏజెంటుకు చెప్తే, అది నాలుగో అంశం చూపించి ఆమెను అడగమందట. మళ్ళీ చెప్పినా అదే మాటట. చివరికి అతడు క్యాంటీనులో ఆమె బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడట.

"ఏమన్నావు?" అని అడిగాను.

"ముద్ద తిని, చేయి కడుక్కోని చెప్తానంటిని."